ఏడు ట్రేల మీద ప్రసంగం

ఫిబ్రవరి 4

మామయ్యకి,

వందనాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నీ గొంతూ, అత్తయ్య మోకాళ్ళూ కుదురుగా ఉన్నాయనుకుంటున్నాను. నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి కాగితం పట్టక తప్పలేదు.

విషయం చిన్నదే. మా కంపెనీ మీ ఊళ్ళో కొత్త గోడౌను తెరుస్తోంది. ఏప్రిల్ మొదటి వారంలో ఇక్కడి నుంచి పద్ధెనిమిది మంది అక్కడికి మారుతున్నారు. అందులో నేనూ ఉన్నాను, సంతోషమేనా? వచ్చేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే. వాళ్ళకోసం మా మేనేజరు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయిస్తున్నాడు. ఏ బస్సు ఎక్కడ ఎక్కాలి, ఆసుపత్రి ఎక్కడ, అద్దె ఇళ్ళు ఏ వైపు, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. 'ఇండియన్ భోజనం ఎక్కడ దొరుకుతుంది' అన్న పేజీ నాకు అప్పగించాడు. ఈ ఆఫీసులో చేరి నాలుగేళ్ళయింది. మొదటి నుంచి చివరి దాకా నువ్వే చూసుకో అని ఒక పని నా చేతికివ్వడం ఇదే మొదలు. అందుకే నాకు కాస్త కంగారుగా ఉంది.

నువ్వు ఆ ఊళ్ళో ఇరవై రెండేళ్ళ నుంచి ఉంటున్నావు. లిఫ్టులు బాగుచేస్తూ దూరని బిల్డింగు లేదు. ఆదివారం ప్రార్థన కూడికలో నువ్వు చెప్పే వాక్యం వినేవాళ్ళు ముప్పై మంది ఉన్నారు, వాళ్ళూ ఎక్కడో ఒకచోట తింటూనే ఉంటారు కదా. ఏ హోటల్లో ఏది బాగుంటుందో నాలుగు ముక్కలు రాసి పంపు. మళ్ళీ చెప్తున్నాను మామయ్యా, నాలుగు ముక్కలు. ప్రసంగం వద్దు. ఇరవై మూడున పుస్తకం అచ్చుకి వెళ్తుంది.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 9

అమ్మడూ,

నిన్నూ, నీ ఆఫీసునీ, నీలో పనితనం కనిపెట్టిన ఆ మేనేజరునీ ప్రభువు చల్లగా చూడాలి.

ఫోన్ ఎత్తనని దెప్పావు. ఫోన్లో మాట గాలికి పోతుంది. దేవుడు తన ఆజ్ఞల్ని ఫోన్ చేసి చెప్పలేదు, రాతిపలకల మీద చెక్కి మరీ ఇచ్చాడు. ఇక నాలుగు ముక్కలంటావా, ఈ ఊళ్ళో మన భోజనం పేరు చెప్పి జరుగుతున్న దాన్ని నాలుగు ముక్కల్లో రాసి ఊరుకోవడానికి నా మనసు ఒప్పలేదు. నీ ఉత్తరం అందిన రోజే మీ అత్తయ్యని వెంటబెట్టుకుని బయల్దేరాను. మూడు రోజులు, మూడు హోటళ్ళు. మూడింటికీ ఇండియన్ భోజనమని బోర్డుంది. విను.

మొదటిది స్టేషన్ ఎదురుగా ఉంది. బోర్డు మీద ఏనుగు, లోపల ఏనుగులు కూచునేంత కుర్చీలు. పప్పు అడిగాను. పప్పులో మీగడ! మీగడ మీద కిస్‌మిస్! "ఇది పప్పా బాబూ, పాయసమా?" అన్నాను. "కారం తగ్గిందా సార్" అంటూ లోపలికి పరిగెత్తి, సాసరులో ఒక క్యాప్సికం ముక్క పెట్టుకొచ్చాడు. దాన్ని కూడా చక్రంలా గుండ్రంగా కోశాడు.

రెండోది వంతెన దాటాక మేడ మీద ఉంది. అక్కడ లైట్లు తీసేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు, ఏం తింటున్నామో మనకి కనబడకూడదని. అన్నం కప్పుతో బోర్లించి, నెత్తిన ఒక ఆకు గుచ్చి తెచ్చారు. మీ అత్తయ్య దాని చుట్టూ చూసి, "ఇది తినేదా, షోకేసులో పెట్టేదా?" అంది. వడ్డించేవాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వాడికీ అదే సందేహం ఉన్నట్టుంది.

మూడోది పాత బస్టాండు దగ్గర. యజమానిని అందరూ నవ్వులాయన అంటారు, ఎప్పుడూ పళ్ళు కనబడుతూనే ఉంటాయి. అక్కడ మధ్యాహ్నం బఫే. బల్ల మీద వరసగా ఏడు ట్రేలు, ఏడు మూతలు, ఏడు పేర్లు. మూతలు తీస్తే ఏడింటిలోనూ ఒకే ఎర్ర గ్రేవీ! నమ్మవని పరీక్ష కూడా చేశాను. ప్లేటులో ఏడు చోట్ల తలా ఒక గరిటె వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో స్పూను మీ అత్తయ్యని నోట్లో పెట్టమన్నాను. ఏది ఏదో ఒక్కటీ చెప్పలేకపోయాను. పక్క బల్ల వాళ్ళు నాకేదో జబ్బనుకున్నారు. పరిశుద్ధ గ్రంథంలో ఒక అన్న ఆకలికి తట్టుకోలేక ఎర్రటి కూర కోసం పెద్దకొడుకు హక్కునే తమ్ముడికి అమ్ముకున్నాడు కదా, ఈ ఎర్ర కూరకైతే వాడు పాత చెప్పు కూడా ఇచ్చేవాడు కాదు.

ఇదంతా ఒక ఎత్తు. ఆ మర్నాడే అదే హోటల్లో, వంటగది నుంచి పైకి గిన్నెలు పంపే చిన్న లిఫ్టు ఆగిపోయిందని నాకు కబురొచ్చింది. పని ముగించేసరికి మూడున్నర. కింద వంటగదిలో ఐదుగురు పనివాళ్ళు పెట్టెలు బోర్లించుకుని వాటి మీద కూచుని తింటున్నారు. ఏం తింటున్నారనుకున్నావు? ముద్దపప్పు! మిరియాల చారు! దొండకాయ వేపుడు! వండినావిడ మన భాషే, యాభై దాటిన మనిషి, వంటగదిలో అందరూ పెద్దక్క అంటారు. "నిలబడి చూస్తారేంటి, కూచోండి" అని నాకూ ఒక కంచం పెట్టింది. అమ్మడూ, అమ్మ పోయాక అలాంటి చారు నా గొంతు దిగలేదు. నా కళ్ళు తడిశాయి. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

ఎందుకు మండదు? వీళ్ళు తినేది ఒకటి, అమ్మేది ఇంకొకటా? సంచిలో రెండు రకాల తూనికరాళ్ళు పెట్టుకునేవాడంటే దేవుడికి అసహ్యమని గ్రంథంలో స్పష్టంగా ఉంది. ఇక్కడ రెండు రకాల కుండలు పెట్టుకున్నారు! ఈ పాపం పెద్దక్కది కాదు, పాపం ఆవిడేం చేస్తుంది. ముందు గదిలో గోడ మీద పొడుగు టోపీ పెట్టుకుని చేతులు కట్టుకున్న వంటమాస్టారి ఫోటో ఉంది, ఆ ఎర్ర గ్రేవీ నిర్వాకం వాడిదే.

నీ పేజీకి రెండు వాక్యాలు చాలు. ఈ ఊళ్ళో మన భోజనం ఒకే ఒక్కచోట ఉంది. పాత బస్టాండు హోటల్ వెనక తలుపు దగ్గర, మధ్యాహ్నం మూడున్నరకి, పెద్దక్క చేతి వంట.

మామయ్య

అమ్మాయ్, నేను అత్తయ్యని. ఈయన ఆ బఫేలో మూడుసార్లు వడ్డించుకున్నాడు. పరీక్ష కోసమట.


ఫిబ్రవరి 14

మామయ్యకి,

నీ ఉత్తరం క్యాంటీన్లో చదువుతూ పగలబడి నవ్వాను. పక్కవాళ్ళు లాక్కుని చదివారు. చివరికి మేనేజరు దాకా వెళ్ళింది. "పేజీ అంటే ఇలా ఉండాలి, ఆ వెనక తలుపు సంగతి తప్పకుండా వెయ్యి" అన్నాడు. నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను.

కానీ మామయ్యా, ఒకటి. ఆవిడని అడిగావా? ఐదుగురికి వండుకున్న చోటికి మా పద్ధెనిమిది మందీ కంచాలు పట్టుకుని వెళ్ళి నిలబడితే ఎలా? యజమాని ఏమంటాడు? దయచేసి ఆవిడని ఒక్క మాట అడిగి, సరేనందని రాయి. ఇరవయ్యో తారీకు లోపల రాయి.

ఇంకొకటి కూడా అనాలనిపించింది, తిట్టకు. ఆ స్టేషన్ హోటల్లో పప్పులో మీగడ వేస్తే అంత కోపమెందుకు? నాకు బాగానే ఉంటుందనిపిస్తోంది.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 20

అమ్మడూ,

మీగడ పప్పు గురించి నువ్వన్న మాట చదవలేదనుకుంటాను. మీ అమ్మకి కూడా చెప్పను.

ఆవిడని అడిగావా అంటావు. ఏమని అడగాలి? ఆకలితో వచ్చినవాడికి అన్నం పెడతావా అనా? నన్ను చూసిన అరనిమిషంలో కంచం చేతికిచ్చిన మనిషమ్మా అది! అలాంటి ఇల్లాలిని అలా అడిగితే అవమానించినట్టు. ఐదు రొట్టెలతో వేలమందికి పెట్టినప్పుడు శిష్యులు కూడా నీలాగే లెక్కలు వేశారు, ఏమైంది? గంపలకొద్దీ మిగిలింది. నువ్వు నిశ్చింతగా అచ్చు వేయించు.

నేను మాత్రం చేతులు ముడుచుకుని కూచోలేదు. నిన్నటి ఆదివారం 'రెండు కుండలు' అని వాక్యం చెప్పాను. ఇంటి నుంచి రెండు గిన్నెలు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను, ఒకటి తళతళలాడేది, ఒకటి మాడింది. పెద్దక్కని కూడా రమ్మని పిలిచాను. వచ్చింది. పని మధ్యలో వచ్చిందేమో, చేతిసంచిలోంచి ఏప్రను కొస బయటికి కనబడుతోంది. వెనక బెంచీలో కూచుంది. ఆవిడ చూస్తుంటే నాకు ఊపొచ్చేసింది. "తన పిల్లలకి ఒకటి వండి, పొరుగువాడికి ఇంకొకటి అమ్మేవాడు ఎవడు? ఆ ఎర్ర గ్రేవీ తిప్పిన చెయ్యి దొంగ చెయ్యి! దాని వేళ్ళకి ఉల్లివాసన కాదు, అబద్ధం వాసన!" అన్నాను. ముప్పై మందీ ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. హాలు దద్దరిల్లింది. నా ఇరవై రెండేళ్ళ సేవలో అలాంటి వాక్యం చెప్పలేదనుకో.

పెద్దక్క చివరిదాకా ఉండలేదు. మధ్యలో లేచి వెళ్ళిపోయింది. డ్యూటీకి టైమైనట్టుంది. మెచ్చుకుంటున్నప్పుడు కూచోలేని మనుషులు కొందరుంటారు, వినయం అది.

మామయ్య

ఈసారి ఆ మాడిన గిన్నె నాది. అడక్కుండా పట్టుకుపోయాడు. అత్తయ్య.


ఫిబ్రవరి 27

మామయ్యకి,

ఏం జరిగిందో నాకు అర్థం కావడం లేదు, నువ్వే చెప్పాలి.

పుస్తకం అచ్చయింది. రెండువందల కాపీలు. నీ పేజీ ఉంది. నువ్వు ఆవిడని అడగలేదని తెలిసి కూడా వేశాను. మేనేజరు మెచ్చుకున్నాడు కదా, ఇప్పుడు తీసేస్తానంటే ఏమనుకుంటాడో అని నోరు మూసుకున్నాను.

గోడౌను సర్దడానికి మావాళ్ళు ఆరుగురు ముందే అక్కడికి వచ్చారు. అచ్చయిన పేజీ వాళ్ళకి పంపారు. నిన్న మూడున్నరకి ఆరుగురూ వెళ్ళి వెనక తలుపు కొట్టారట. ఎవరో కుర్రవంటాయన తలుపు కొద్దిగా తీసి, "పెద్దక్క లేదు, వారమైంది పని మానేసి. వెళ్ళండి వెళ్ళండి" అని మొహం మీదే వేసేశాడట. పక్క కొట్టువాడేమో, వెనక తలుపు దగ్గర బయటివాళ్ళకి అన్నం పెట్టిందని యజమాని తీసేశాడని చెప్పాడట.

మామయ్యా, నీకు ఒక్క కంచం పెట్టినందుకా? లేక మన పేజీ వల్లనా? నాకు అన్నం సయించడం లేదు. త్వరగా రాయి.

నీ మేనకోడలు


మార్చి 2

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆ హోటల్‌కి పోయాను. మిట్టమధ్యాహ్నం, బఫే వేళ, జనం కిటకిటలాడుతున్నారు. మంచిదే అనుకున్నాను, సాక్షులుంటారు.

"ఒక కంచం అన్నం పెట్టినందుకు తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని వీధిలోకి గెంటుతావా?" అని అడిగాను. మామూలుగా అడిగాను. మీ అత్తయ్య మాత్రం బస్టాండు దాకా వినబడిందంటుంది. నవ్వులాయనకి ఆ రోజు నవ్వు లేదు. "అయ్యా, మీరు లిఫ్టు బాగుచేయడానికొచ్చారు. లిఫ్టు తప్ప అన్నీ పాడుచేసి పోయారు" అన్నాడు. ఎంత పొగరు చూడు! "నేను తీసెయ్యడమేంటండీ, ఆవిడే..." అని ఏదో మొదలుపెట్టాడు. అబద్ధం పూర్తయ్యేదాకా వినడం కూడా అందులో పాలు పంచుకోవడమే కనుక నోరెత్తనివ్వలేదు. ధనవంతుడి ద్వారం దగ్గర కుక్కలు పుండ్లు నాకుతుంటే పడి ఉన్న ఆ బీదవాడి కథ అక్కడికక్కడే వినిపించాను. కథలో ధనవంతుడు చివరికి ఎక్కడికి పోయాడో వేలు పెట్టి చూపించి మరీ చెప్పాను. ఇద్దరు ప్లేట్లు వదిలేసి వెళ్ళిపోయారు.

ఇక యుద్ధమే. కూడికలో అందరి చేతా సంతకాలు పెట్టించాను, ఆ గుమ్మం తొక్కబోమని. నీ పుస్తకంలో కూడా పెద్ద అక్షరాలతో ఒక చీటీ అంటించు: 'ఈ హోటల్‌కి ఎవరూ వెళ్ళవద్దు.' నీకు అన్నం సయించడం లేదన్నావు, అది మంచి లక్షణం. అన్యాయం చూసినప్పుడు అన్నం సయించకూడదు.

మామయ్య

అమ్మాయ్, ఆ చీటీ అంటించకు. నేను సంతకం పెట్టలేదు. ఎవరైనా ఆ పెద్దక్క ఇంటికెళ్ళి ఒక్కసారి అడగండర్రా అంటే ఈ ఇంట్లో వినేవాళ్ళు లేరు. నాకేమో ఆ మూడంతస్తుల మెట్లు ఎక్కే మోకాళ్ళు లేవు. అడ్రసు సంపాదించాను, అడుగున రాస్తున్నాను. అత్తయ్య.


మార్చి 8

మామయ్యకి,

గోడౌను పని మీద నిన్న మీ ఊరొచ్చి సాయంత్రం బస్సుకి వెనక్కి వచ్చేశాను. మీ ఇంటికి రాలేదు. వస్తే నీతో దెబ్బలాడతానని తెలుసు, అందుకే రాలేదు. పెద్దక్క ఇంటికి వెళ్ళాను.

మూడో అంతస్తు, ఒకటిన్నర గది, కిటికీ అంచున కొత్తిమీర డబ్బాలు. నేనెవరో చెప్పగానే తలుపు వేసేస్తుందనుకున్నాను. "ప్రసంగాలాయన మేనకోడలివా? లోపలికి రా, మీ వంశానికి గొంతెక్కువని విన్నాను" అంది. పేజీ ఆవిడ ముందు పెట్టి, మా వల్లే మీ ఉద్యోగం పోయింది, క్షమించండి అన్నాను. చదివింది. మడిచి నా చేతికి తిరిగిచ్చింది.

"నా ఉద్యోగం ఎవరూ తియ్యలేదమ్మాయ్. నేనే మానేశాను" అంది. "ఆయన రోజూ ఫోన్ చేసి రమ్మంటున్నాడు. నేనే పోవడం లేదు."

"ఎందుకండీ?"

"ఎందుకేమిటి? ఆ ఏడు ట్రేలూ నావే."

గోడ మీద ఫోటోలో ఉన్న వంటమాస్టారు మరి, అన్నాను. "ఎవరు, ఆ టోపీవాడా? వాడు ఫ్రేము కొన్నప్పుడు దాంతోపాటే వచ్చాడు. ఎవరో ఏమిటో మాకూ తెలీదు. తొమ్మిదేళ్ళుగా ఆ వంటగదిలో పొయ్యి వెలిగించేది నేను."

ఆ తర్వాత చెప్పింది. పొద్దున ఆరింటికి వెళ్ళి ఒక బస్తా ఉల్లిపాయలు తరుగుతుందట. నాలుగు గంటలు సన్న సెగ మీద మగ్గిస్తే ఆ ఎర్ర గ్రేవీ అవుతుందట. ఉన్నవి రెండు పొయ్యిలు. పన్నెండింటికల్లా నూట ఇరవై మందికి అందాలి. అందుకే ఒక గ్రేవీ, దాని మీద ఏడు తాలింపులు. "తినేవాళ్ళు మనవాళ్ళు కారమ్మాయ్. ఈ ఊరివాళ్ళు. మొదటి ఏడాది మన కారం పెడితే కళ్ళ నీళ్ళు పెట్టుకుని పోయారు, మళ్ళీ రాలేదు. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, వాళ్ళ నాలుక ఎక్కడ ఆగుతుందో కనిపెట్టుకుంటూ, ఆ రుచి కుదరడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇవాళ పళ్ళు లేని ముసలమ్మలు కూడా రోజూ వచ్చి తింటారు. మీ మామయ్యకి మూడున్నరకి పెట్టిన పప్పుందే, అది ఐదుగురికి వండింది. ఐదుగురికి ఎవరైనా వండుతారు. నూట ఇరవై మందికి వండి చూడమను."

అప్పుడు కూడా ఆవిడ గొంతు పెంచలేదు. చివర్న మాత్రం, "పప్పు తిని నన్ను దేవత అన్నాడు. నా పనిని దొంగతనం అన్నాడు. ముప్పై మంది ముందర. నేను వెనక బెంచీలో కూచుని నా చేతులు సంచీ కింద దాచుకున్నాను. ఇప్పుడు ఆ గరిటె పట్టుకుంటే అందరూ నా వేళ్ళే చూస్తున్నట్టుంటుంది. ఎక్కడ అన్నాడో అక్కడే, ఎవరి ముందు అన్నాడో వాళ్ళ ముందే ఆ మాట వెనక్కి తీసుకుంటే పనిలోకి పోతాను. లేకపోతే లేదు" అంది.

మామయ్యా, నాకు నీ మీద ఎంత కోపంగా ఉందో రాయడానికి కాగితం చాలదు. అడుగు అని రాశాను. అడగలేదు. యజమాని చెప్పబోతే వినలేదు. మేమంతా ఆవిడ తరఫున పోట్లాడాం, ఆవిడతో ఒక్కళ్ళమూ మాట్లాడలేదు. 'మేమంతా' అంటున్నాను, నన్ను కూడా కలుపుకునే అంటున్నాను. మేనేజరుకి నిజం చెప్పేశాను. "అయితే రెండువందల కాపీల్లోనూ ఆ పేజీ మీద తెల్లకాగితం అంటించు" అన్నాడు. నేనొక్కదాన్నే కూచుని అంటిస్తున్నాను. ఇంకెప్పుడైనా నాకు ఇలాంటి పని ఇస్తాడో లేదో.

నీ మేనకోడలు


మార్చి 12

అమ్మడూ,

ఊళ్ళోకి వచ్చి మేనమామ గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోయావు. చాలా గొప్ప పని చేశావు.

నాలుగు రోజులుగా రాస్తున్నాను, చింపుతున్నాను. మొదట నిన్ను తిట్టి రాశాను. తర్వాత నవ్వులాయన్ని తిట్టి రాశాను, ముందే గట్టిగా చెప్పొచ్చు కదా వెధవ అని. ఆ మాట రాస్తుంటే మీ అత్తయ్య భుజం మీంచి చదివి, "చెప్పనిస్తేగా" అని టీ గ్లాసు పెట్టి పోయింది. గ్రంథాన్ని పదకొండుసార్లు మొదటి నుంచి చివరిదాకా చదివినవాణ్ణి. పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం చెప్పకూడదన్నది తెలియనివాణ్ణి కాదు. అది కోర్టుల్లో చెప్పేవాళ్ళకనుకున్నాను.

ఇక్కడే చిక్కు పడింది. మాట వెనక్కి తీసుకోమంటోంది ఆవిడ. తీసుకుంటాను, నాకేం నామోషీ లేదు. ఉంది, కానీ మింగుతాను. నిలబడి ఏమని చెప్పను? ఆ గ్రేవీ బాగుందని చెప్పనా? నాకు బాగాలేదమ్మా! ఇప్పటికీ బాగాలేదు! ఒక అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో కడగడానికి ఆ బల్ల వెనక నేను నిలబడను, ప్రాణం పోయినా సరే. ఆవిడేమో ఊరికే క్షమించమంటే సరిపెట్టుకునే మనిషి కాదు, నాకు తెలుస్తూనే ఉంది. నూట ఇరవై మందికి వండి చూడమందా? ఆ మాట ఊరికే అందా, నిజంగానే అందా?

రాయి.

మామయ్య


మార్చి 16

మామయ్యకి,

నిజంగానే అంది. నీకు గ్రేవీ నచ్చాలని మాత్రం అనలేదు. దొంగ చెయ్యి అన్నావు కదా, ఆవిడ మాట్లాడింది చెయ్యి గురించే.

కాపీలకి కాగితం అంటించడం అయిపోయింది. నా వేళ్ళకి జిగురు వదలడం లేదు.

నీ మేనకోడలు


మార్చి 29

అమ్మడూ,

ప్రభువు దయ వల్ల నా రెండు బొటనవేళ్ళూ ఇంకా ఉన్నాయి. ఒకదానికి కట్టుంది. కొంచెం వంకరగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజే నవ్వులాయన దగ్గరికెళ్ళాను. నన్ను చూడగానే కౌంటరు వెనక్కి జరిగాడు. "అరవడానికి రాలేదు. పెద్దక్క వచ్చేదాకా పొద్దుటి పని నేను చేస్తాను" అన్నాను. "మీకు వంటొచ్చా?" అన్నాడు. "తరగడం వచ్చు" అన్నాను. అది కూడా రాదని మర్నాడు ఆరున్నరకల్లా తేలిపోయింది.

మూడు పొద్దులు చేశాను. లిఫ్టు గొయ్యిలో దిగి ఇరవై రెండేళ్ళు పనిచేసిన నడుం ఇది, ఒక బస్తా ఉల్లిపాయల ముందు వంగలేకపోయింది. రెండో రోజు అడుగంటించాను. గరిటె ఆపకూడదట. నేను మధ్యలో ఆగి, పక్కనున్న కుర్రవంటాయనకి ఓర్పు గురించి గ్రంథంలో ఏముందో చెప్తున్నాను. నవ్వులాయన కుండ మొత్తం పారబోసి, ఆ పూట మూడు ట్రేలే పెట్టాడు. వచ్చినవాళ్ళు మూతలు తీసి చూసుకుని, ఆవిడేది, ఆవిడేదని అడుగుతున్నారు. నన్నెవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్టుకి బదులు చెప్పడం నాకు చేతనైన పని.

ఏడూ ఒకటేనని బల్లగుద్ది మరీ చెప్పాను కదా? కుర్రవంటాయన ఏడు తాలింపులు వేయడం దగ్గరుండి చూశాను. ఒకదాన్లో మెంతులు నల్లబడక ముందు దించాలి, ఒకదాన్లో జీలకర్ర నల్లబడ్డాకే దించాలి. నేను కళ్ళు మూసుకుని పరీక్ష చేశానంటే, ముందే తీర్పు రాసిపెట్టుకుని చేశాను. అంతే.

మొన్న ఆదివారం నిలబడ్డాను. మీ అత్తయ్య టాక్సీలో వెళ్ళి పెద్దక్కని తీసుకొచ్చింది. వెనక బెంచీలో ఇద్దరూ కూచున్నారు. ఈసారి గిన్నెలు తేలేదు. "ఆ చెయ్యి దొంగ చెయ్యి అన్నాను. నేను చెప్పింది అబద్ధం. ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకోకుండా అన్నాను. అది చేసే పనిలో సగం మూడు రోజులు కూడా చేయలేకపోయాను. మీరంతా ఆమెన్ అన్నారు, ఆ పాపం కూడా నాదే. ఆ ఆమెన్ ఇప్పుడు వెనక్కి తీసుకోండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. ఆమెన్ ఎలా వెనక్కి తీసుకోవాలో వాళ్ళకెప్పుడూ నేర్పలేదు కదా.

పెద్దక్క లేచి నిలబడింది. "రుచి సంగతి చెప్పలేదే?" అంది, అందరికీ వినబడేలా.

"అమ్మా, అబద్ధం చెప్పలేను. నాకు అది ఇప్పటికీ నచ్చలేదు" అన్నాను. మీ అత్తయ్య తల పట్టుకుంది.

"మీకు నచ్చాలని ఎవరన్నారు? మీకోసం వండింది కాదది" అంది పెద్దక్క. కూచుంటూ, "చెయ్యి సంగతి చెప్పారు. చాలు" అంది.

సోమవారం పనిలోకి వెళ్ళింది. పోయేటప్పుడు నాతో, "ఇక మూడున్నరకి వెనక తలుపు దగ్గరికి రాకండి. తినాలనుంటే పన్నెండింటికి ముందు తలుపులోంచి రండి, వరసలో నిలబడండి" అని చెప్పింది. ఆ చారు ఇక నాకు దొరకదని అర్థమైంది. నాకు కోపం రాలేదని రాస్తే నువ్వు నమ్మవు. వచ్చింది. కానీ ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. స్టేషన్ ఎదుటి ఆ కిస్‌మిస్ పప్పు మీద మాత్రం నా కోపం అలాగే ఉంది, ఆవిడ దగ్గర నేర్చుకున్నదంతా అక్కడ పనికిరాదు.

నీ తెల్లకాగితం మీద ఏం రాయాలో నన్ను అడక్కు. వచ్చాక ఆవిడనే అడుగు. ఆదివారం సాయంత్రాలు ఇంట్లో ఉంటుంది.

నిన్న పన్నెండింటికి వెళ్ళాను. వరస తలుపు దాకా ఉంది. నా ముందు ఉత్తరాలు పంచే ఆయన, యూనిఫాంలోనే వచ్చాడు, ప్లేటు పట్టుకుని ట్రేల వైపు తెల్లమొహం వేసుకుని చూస్తున్నాడు. ఇంతకు ముందెప్పుడూ ఇక్కడ తినలేదట. వెనక్కి తిరిగి, "ఇది మీవాళ్ళ వంటే కదా, వీటిలో ఏది బాగుంటుంది?" అన్నాడు.

నోరు తెరిచాను. అమ్మడూ, నా దగ్గర అన్నిటికీ జవాబుంటుంది, నీకు తెలుసు. అప్పుడే పెద్దక్క ఒక ట్రే మార్చడానికి లోపల్నుంచి వచ్చింది. "ఉండండి, చేసినావిడని అడుగుతాను" అన్నాను. అడిగాను.

ఆవిడ నన్ను చూడలేదు. ఆయన్ని చూసింది. "ఆయనకేం ఇష్టమో, కారం ఎంత తింటాడో అడిగారా?" అంది.

"లేదు" అన్నాను.

"మరి అడగండి" అని మూత చేత్తో పట్టుకునే నిలబడింది.

వెనక జనం ఆగి ఉన్నారు. అడిగాను.

మామయ్య